లెక్కలోకి రాని ఎలుగుబంటి

ఒక పెద్ద అడవిలో పళ్ళున్న జంతువులు వేలల్లో ఉండేవి. ఆ పళ్ళు బాగుచేసే డాక్టరుకు మాత్రం పళ్ళు లేవు. అతను వడ్రంగిపిట్ట. పేరు చంచుమూర్తి.

ఈ విషయంలో అతన్ని ఎవరూ వెక్కిరించేవారు కాదు. ఆ పని అతనే ముందుగా చేసుకునేవాడు. కొత్త రోగి ఎవరైనా బెదిరిపోతూ నోరు తెరిస్తే, "కంగారు పడకండి. పంటినొప్పి ఎలా ఉంటుందో నాకు బొత్తిగా తెలియదు. అందుకే నా ముక్కు వణకదు" అనేవాడు. రోగి నవ్వేది. నవ్వితే నోరు ఇంకాస్త తెరుచుకునేది. ఆ కాస్త సందులో పుచ్చుపన్ను ఊడి బయటపడేది.

పనిమంతుడని పేరు. కొండముచ్చు చిగుట్లో విరిగిన ముల్లు, అడవిపంది కోరకు పట్టిన గార, తోడేలు దవడలో ఇరుక్కున్న ఎముక ముక్క, ఏదైనా సరే నాలుగు పోట్లలో తేల్చేసేవాడు. మొసలి నోట్లోకి మెడదాకా వెళ్ళి తిరిగొచ్చిన డాక్టరు అడవి మొత్తానికి అతనొక్కడే.

ఇంత ఉన్నా ఉద్యోగంలో చేరిన రోజున ఏ కొమ్మ మీద కూర్చున్నాడో ఆ కొమ్మ మీదే ఉండిపోయాడు.

ఆ అడవి ఆసుపత్రి ఒక మద్దిచెట్టు. అక్కడ శాఖాధిపతి అంటే నిజంగానే పై శాఖకు అధిపతి. దంత విభాగానికి పై కొమ్మ మీద ఒక ముసలి గుడ్లగూబ ఉండేది. కింది కొమ్మ నుంచి పై కొమ్మకు పోవాలంటే రెక్కలుంటే చాలదు, పరిశోధనా వ్యాసాలు ఉండాలని అడవి సభ నియమం పెట్టింది. ఆ వ్యాసాలు 'వన వైద్య పత్రిక'లో అచ్చు కావాలి. మోదుగాకుల మీద రాసి, ఈనెపుల్లలతో విస్తరిలా కుట్టే పత్రిక అది. చదివేవాళ్ళు తక్కువ. పాత సంచికలను మేకలు శ్రద్ధగా జీర్ణం చేసుకునేవి.

చంచుమూర్తికి రాయడం రాదు. కథలు చెప్పే మాలాంటి వాళ్ళకు నిజం తెలియకపోయినా రాయడం వస్తుంది. అతనికి అన్నీ తెలిసి రాయడం రాలేదు, అంతే తేడా.

పక్క కొమ్మ మీద ధవళరావు అనే కొంగ ఉండేది. అదీ పళ్ళ డాక్టరే. ఒక్కరి నోరూ తెరిచి చూసిన పాపాన పోలేదు. పొద్దస్తమానం ఒంటికాలి మీద కళ్ళు మూసుకుని నిలబడేది. ఆలోచిస్తోందని అందరూ అనుకునేవారు. కప్ప కుడి దవడ మీద ఒక వ్యాసం, ఎడమ దవడ మీద ఇంకొకటి, రెండిటినీ పోలుస్తూ మూడోది రాసింది. ఆ పరిశోధనలో పాల్గొన్న కప్పలు మళ్ళీ ఎవరికీ కనిపించలేదు కాబట్టి ఫిర్యాదులు కూడా రాలేదు.

ముసలి గుడ్లగూబ ఉద్యోగ విరమణ చేస్తోందని తెలియగానే, ధవళరావు పై కొమ్మ మీదకి వెళ్ళి అక్కడి గాలి ఎలా ఉందో చూసి వచ్చింది. ఆ రోజు చంచుమూర్తి ఇంటికొచ్చి తిండి ముట్టలేదు.

"ఏమండీ, మీరు పోగొట్టిన నొప్పులన్నీ ఏదైనా ఆకు మీద రాస్తే అది వ్యాసం కాదా?" అని భార్య వకుళ అడిగింది.

"కాదు. అది పని. వ్యాసం వేరు" అన్నాడు చంచుమూర్తి.

సరిగ్గా ఆ రోజుల్లోనే జంబుకేశం వచ్చాడు.

జంబుకేశం నక్క. నత్తగుల్లల సున్నం, తేనె, ఏదో చెట్టు పాలు కలిపి ఒక ముద్ద తయారుచేశాడు. ఆ చెట్టు పేరు మాత్రం వ్యాపార రహస్యం. ముద్దకు 'ముత్యాల ముద్ద' అని పేరు పెట్టాడు. రుద్దితే పళ్ళు మెరుస్తాయి, అందులో అబద్ధం లేదు. కానీ అడవిలో నక్క మాట మీద ఏదీ అమ్ముడుపోదు. డాక్టరు మాట కావాలి.

అతను చాలా మర్యాదగా మాట్లాడాడు. తనకు ప్రచారం అక్కర్లేదట, శాస్త్రం కావాలట. డాక్టరుగారు ముప్పై జంతువుల మీద ముద్దను పరీక్షించి, ఏది కనిపిస్తే అది నిర్భయంగా రాస్తే చాలట. అన్నట్టు, దారిలో ఒక టేకుదుంగ పడి ఉందని, దాని నిండా పురుగులు ఉన్నాయని, దాన్ని మద్దిచెట్టు దగ్గరకు దొర్లించి పెట్టామని వెళ్తూ వెళ్తూ చెప్పాడు. అది కానుక కాదట. పరిశోధన చేసేవాడు ఆకలితో ఉండకూడదట.

ఆ దుంగ ముందు కూర్చుని చంచుమూర్తి చాలాసేపు ఆలోచించాడు. ఆలోచిస్తూ తిన్నాడు. దుంగలో సగం అయ్యేసరికి ముత్యాల ముద్దలో ఏదో మంచి గుణం ఉండి తీరాలని అతనికి గట్టిగా అనిపించింది.

ముప్పై జంతువులను పిలిచాడు. అందరికంటే ముందు వచ్చింది భల్లమ్మ.

భల్లమ్మ ముసలి ఎలుగుబంటి. తేనె తిని తిని చిన్న వయసులోనే దవడపళ్ళు పాడుచేసుకుంటే, పీకేయడం సులువైనా పీకకుండా ఏళ్ళ తరబడి శుభ్రం చేసి చంచుమూర్తే వాటిని నిలబెట్టాడు. ఆవిడకు అతనంటే గురి. ముద్దలో ఏముందని కూడా అడగలేదు. "నువ్వు రుద్దుకోమంటే రుద్దుకుంటాను, డాక్టరు బాబూ" అంది.

మొదటి నెల అంతా బాగుంది. అందరి పళ్ళూ వాగు అడుగున గులకరాళ్ళలా మెరిశాయి. కోతులు ఊరికే నవ్వుతూ తిరిగాయి. రెండో నెలలో ఉడుత ఒకటి చిగుళ్ళు మండుతున్నాయని వచ్చింది. తర్వాత కొండముచ్చు. ఆ తర్వాత భల్లమ్మ, చెంప వాచిపోయి. చంచుమూర్తి ఆవిడ దవడపన్ను మీద ముక్కు ఆనించాడు. అన్నేళ్ళు కాపాడిన పన్ను, గాలికి ఆకులా ఊగింది.

అతను జంబుకేశాన్ని పిలిపించి ముద్ద పనికిరాదని చెప్పాడు. నక్క ఏమాత్రం కోపం తెచ్చుకోలేదు. ఎలుగుబంటి తేనె తింటుంది, ముద్దలోనూ తేనె ఉంది, రెండు తేనెలు ఒకే నోట్లో కలిస్తే ఏది ఏం చేసిందో ఎలా తేల్చగలమని అడిగాడు. అలాంటి నోటిని పరిశోధనలో ఉంచడం శాస్త్రానికే అన్యాయం అన్నాడు. ఉడుత గింజలు కొరుకుతుంది. కొండముచ్చు అన్నీ కొరుకుతుంది. చిగుళ్ళు వాచిన ప్రతివాళ్ళకూ ఏదో ఒక సొంత కారణం ఉందని తేలింది. వాయనివాళ్ళకు మాత్రం ముద్దే కారణం.

ఆ మాటలో ఏదో తిరకాసు ఉందని చంచుమూర్తికి తెలుసు. కానీ అదే వారం ధవళరావు కప్ప నాలుక మీద కొత్త వ్యాసం మొదలుపెట్టింది. చంచుమూర్తి ఆ తిరకాసు వెతకడం మానేశాడు.

వాచినవాళ్ళను తీసేస్తే ముప్పైలో సగం కూడా మిగల్లేదు. ఆ ఖాళీలు పావురాలతో, చిలకలతో నింపాడు. వాళ్ళందరూ ముద్దను ముక్కులకు రుద్దుకుని, పంటినొప్పి లేదని సంతకాలు పెట్టారు.

వకుళ ఆ ఆకులను ఒక్కొక్కటే తిరగేసి చూసింది.

"పావురానికి పళ్ళెక్కడివండీ?" అంది చివరికి.

"లేవు. అందుకే పుచ్చలేదు" అన్నాడు చంచుమూర్తి.

ఇద్దరూ నవ్వుకున్నారు. నవ్వు ఆగాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఇక భల్లమ్మ పేరు దగ్గర ఏదో ఒకటి రాయాలి. 'తదుపరి పరీక్షలకు హాజరు కాలేదు' అని రాశాడు. రాస్తున్న వేళకు ఆవిడ చెట్టు కిందే కూర్చుని ఉంది, చెంప మీద తడి మట్టి పెట్టుకుని, తన వంతు కోసం చూస్తూ.

వ్యాసం పత్రికకు వెళ్ళింది. సంపాదకుడు కూర్మారావు అనే తాబేలు. నిజాయితీపరుడు, నిదానస్తుడు. ఆయన చేతికి వెళ్ళిన వ్యాసం బయటకొచ్చేలోగా రోగి, కొన్నిసార్లు రచయిత కూడా, కాలం చేసేవారు. వ్యాసంలో పావురాల పేర్లు చూడగానే ఆయనకు అనుమానం వచ్చింది. కానీ ఆయనకూ పళ్ళు లేవు. పావురాలకు ఉంటాయో ఉండవో అడిగితే, సంపాదకుడికి ఈమాత్రం తెలియదా అంటారేమోనని మొహమాటపడి తల డొప్పలోకి లాక్కున్నాడు. పైగా ఆ సంచికకు ఆకులు తక్కువ పడ్డాయి. పత్రిక పలచబడితే పరువు పలచబడుతుందని ఆయన నమ్మకం.

నియమం ప్రకారం ప్రతి వ్యాసాన్నీ ఇద్దరు సమీక్షకులు చదవాలి. మొదటి ప్రతి మహిషాచార్యులు అనే అడవిదున్నకు వెళ్ళింది. ఆయనకు పై పలువరుసలో ముందు పళ్ళు లేవు గాని, తనకు తెలియని విషయం ఉందని ఒప్పుకునే అలవాటూ లేదు. మూడు అక్షరదోషాలు దిద్ది, గడ్డి నెమరు మీద తాను రాసిన వ్యాసాలను ఇందులో తప్పక ప్రస్తావించాలని షరతు పెట్టి, అంగీకారం తెలిపాడు.

రెండో సమీక్షకుణ్ణి రచయితే సూచించుకోవచ్చు. తూర్పుకొండ మీద శృగాలభట్టు అనే పండితుడు ఉన్నాడని జంబుకేశం పేరు అందించాడు. ఆయన ఎలాంటివాడని చంచుమూర్తి అడిగితే, "నాకు బాగా తెలిసినవాడే. అచ్చం నాలాంటివాడు" అన్నాడు. చంచుమూర్తి ఇంకేమీ అడగలేదు. తూర్పుకొండ సమీక్ష మర్నాడే వచ్చేసింది. వ్యాసంలో ఎక్కడా చెప్పని చెట్టుపాల గొప్పతనాన్ని కూడా అందులో మెచ్చుకున్నారు.

ఆ విధంగా పళ్ళ గురించి పళ్ళు లేని రచయిత రాసినదాన్ని, పళ్ళు లేని సంపాదకుడు, సగం పళ్ళున్న పండితుడు, అన్ని పళ్ళూ ఉండి ఆ ముద్ద ఏనాడూ ముట్టని నక్క కలిసి అచ్చువేశారు. ముప్పైమందికి ముప్పైమందీ కులాసా అని వ్యాసం మొదట్లోనే ఉంది.

అడవి సభ చంచుమూర్తికి సన్మానం చేసింది. అతను పై కొమ్మకు వెళ్ళాడు. అక్కడి నుంచి చూస్తే అడవి చాలా దూరం కనిపించింది, రోగులు చాలా చిన్నగా కనిపించారు. ఆ ఎత్తు నుంచి ఎవరి నోట్లో ఏముందో చూడటం సాధ్యం కాదని మొదటి రోజే గ్రహించాడు. 'బహుశా అందుకే పైకి పంపుతారు' అనుకుని తనలో తానే నవ్వుకున్నాడు.

పరిశోధనలో రుజువైంది కనుక అడవిలో ప్రతి ఒక్కరూ ముత్యాల ముద్ద వాడాలని సభ ఉత్తర్వు వేసింది. కోరలో నొప్పితో బాధపడుతున్న పులి దగ్గరకు పెద్ద ముద్దే పంపారు.

వానలు పడేనాటికి ఉడుతలు గింజలు కొరకలేక చెట్ల కింద కూర్చున్నాయి. కోతులు నవ్వడం మానేశాయి. కుందేళ్ళు దుంపలను నీళ్ళలో నానబెట్టుకు తిన్నాయి. అయినా వాళ్ళెవరూ ముద్దను అనుమానించలేదు. వ్యాసం ఉంది కదా. బాగోలేదంటే అది తమ నోటి దోషమే అయ్యుంటుందనుకుని ఒకరికొకరు చెప్పుకోకుండా దాచుకున్నారు.

ఒకరోజు చంచుమూర్తి వాగు ఒడ్డుకు దిగితే, రాయి మీద ఇప్పపూలను అరచేత్తో మెదుపుకుంటూ భల్లమ్మ కనిపించింది. బాగా చిక్కిపోయింది. అతన్ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కొన్నాళ్ళుగా ఆసుపత్రికి రావడం లేదేమని అడిగాడు.

"ఏ మొహం పెట్టుకుని రాను, డాక్టరు బాబూ" అంది. "అందరికీ బాగైందట కదా. ఆకుల్లో రాశారట. నా ఒక్కదాని నోట్లోనే ఏదో పాపం ఉంది. నీ మందుకు చెడ్డపేరు తెచ్చాను."

అతను నోరు తెరవమన్నాడు. ఆవిడ సిగ్గుపడుతూ తెరిచింది. తాను నిలబెట్టిన దవడపళ్ళు రెండు వైపులా లేవు. చిగుళ్ళు పచ్చిగా ఉన్నాయి. ఎప్పుడూ వణకని అతని ముక్కు ఆ రోజు వణికింది.

"పాపం నీ నోట్లో లేదమ్మా. నా రాతలో ఉంది" అన్నాడు.

ఆవిడకు అర్థం కాలేదు. ముద్ద మానేయమని, ఉప్పునీళ్ళు పుక్కిలించమని చెప్పి, ఆ పూట ఇప్పపూలు తానే ముక్కుతో మెత్తగా పొడిచిపెట్టి, అక్కడి నుంచి తిన్నగా కూర్మారావు దగ్గరకు ఎగిరిపోయాడు.

తన వ్యాసం తప్పు అని, వెనక్కి తీసుకుంటానని చెప్పాడు. కూర్మారావు తల డొప్పలోకి పోయి చాలాసేపు బయటకు రాలేదు. వచ్చాక, పత్రిక పెట్టిననాటి నుంచి తప్పు అని ఎవరూ రాసివ్వలేదని, అందుకు పద్ధతి ఏదీ లేదని అన్నాడు. తప్పు అన్నది కూడా కొత్త విషయమే కాబట్టి అదీ వ్యాసంగానే రావాలి. ఇద్దరు సమీక్షకులు చదవాలి.

చంచుమూర్తి రాశాడు. ఈసారి రాయడం సులువుగానే వచ్చింది. ఎవరెవరిని తీసేశాడో, పావురాలను ఎందుకు చేర్చాడో, దుంగ ఎక్కడి నుంచి వచ్చిందో అన్నీ రాశాడు.

మహిషాచార్యులు అది చదివి తిప్పికొట్టాడు. వ్యాసం ఒప్పు అనడానికి ముప్పైమంది సాక్ష్యం ఉందట, తప్పు అనడానికి ఒక్క ముసలి ఎలుగుబంటి నోరు ఎలా సరిపోతుందట. తూర్పుకొండ నుంచి శృగాలభట్టు ఇంకా కఠినంగా రాశాడు. రచయితకు ముద్ద తయారీదారు మీద వ్యక్తిగత ద్వేషం ఉన్నట్టు కనిపిస్తోందని, అలాంటి పక్షపాతం శాస్త్రానికి తగదని ఆయన బాధపడ్డాడు.

సంగతి బయటకు పొక్కింది. ముందుగా ధవళరావు వచ్చింది, మొదటిసారి రెండు కాళ్ళ మీదా నిలబడి. తన కొత్త వ్యాసాలన్నీ చంచుమూర్తి వ్యాసం మీదే ఆధారపడి ఉన్నాయని, అడుగు రాయి లాగితే గోడ మొత్తం కూలుతుందని, తోటి డాక్టరుగా కాస్త ఆలోచించమని బతిమాలింది. చంచుమూర్తి, ఆ వ్యాసాలు రాయడానికి ముత్యాల ముద్దను కప్పలకు రుద్ది చూశావా అని అడిగాడు. అంత ఓపిక ఎవరికుందని, మీది చదివే రాశానని ధవళరావు నిజాయితీగా చెప్పింది.

తర్వాత జింకల సంఘం అధ్యక్షురాలు హరిణి పూలదండతో వచ్చింది. ఆవిడ అడవి మొత్తంలో చంచుమూర్తి వ్యాసాన్ని మొదటి నుంచి చివరి దాకా శ్రద్ధగా చదివిన ఒకే ఒక్క పాఠకురాలు.

"మీ పరిశోధన చాలా గొప్పది, డాక్టరుగారూ. దయచేసి వెనక్కి తీసుకోకండి" అంది.

"అమ్మా, దానివల్ల పళ్ళు ఊడిపోతున్నాయి" అన్నాడు.

"తెలుసండీ. పులిగారి కోర ఊగుతోందట."

"మీ పళ్ళు కూడా ఊడతాయి."

"మేం వాడటం లేదు కదండీ" అంది హరిణి నెమ్మదిగా. ఆవిడ ఇద్దరు పిల్లలను పులి నోటికి పోగొట్టుకున్న తల్లి. అతను ఆవిడతో వాదించలేకపోయాడు. అయితే ఉడుతల సంగతి, భల్లమ్మ సంగతి చెప్పాడు. ఆవిడ తల దించుకుని విని, దండ అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

చివరగా జంబుకేశం వచ్చాడు. బెదిరించలేదు. పై కొమ్మ మీద గాలి బాగుందా అని మాత్రం అడిగాడు. ఒక్క ముక్క వెనక్కి తీసుకుంటే ఆ కొమ్మ ఉండదని, ఇల్లాలికి ఆ సంగతి చెప్పారా అని విచారించాడు.

చంచుమూర్తి ఇంటికెళ్ళి వకుళకు చెప్పాడు. ఆవిడ గూడు సర్దుకుంటూనే విని, కింది కొమ్మ మీద తనకు ఇరుగుపొరుగు ఉండేవారని, పైన గాలి తప్ప మాట్లాడే దిక్కు లేదని అంది. ఆ దుంగలో పురుగులు మొదటి నుంచీ తనకు రుచించలేదట.

మర్నాడు అతను మళ్ళీ కూర్మారావు దగ్గరకు వెళ్ళి, సమీక్షకులు ఎన్నిసార్లు తిప్పికొట్టినా అన్నిసార్లూ రాసిస్తానని చెప్పాడు. ఆ తాబేలు కూడా కొన్నాళ్ళుగా సరిగా నిద్రపోవడం లేదు. వాగు ఒడ్డున భల్లమ్మ పూలు మెదుపుకోవడం ఆయనా రోజూ చూస్తున్నాడు. పత్రిక నియమాల ఆకులు ముందేసుకుని ఒక్కొక్కటే తిరగేయడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం దాటాక ఒకచోట ఆగాడు.

ప్రతి సంచికలోనూ మొదటి ఆకు మీద శాఖాధిపతుల్లో ఒకరు రాసే నాలుగు మాటలు ఉంటాయి. వానాకాలం శుభాకాంక్షలు, పెద్దల సన్మానాలు, అలాంటివి. వాటిని సమీక్షకులకు పంపాలని ఏ నియమమూ లేదు. అంత పెద్దవాళ్ళు తప్పు రాస్తారని నియమాలు పెట్టినవాళ్ళకు తోచలేదు.

"మీరిప్పుడు శాఖాధిపతి" అన్నాడు కూర్మారావు. "మీరు ఏం రాసిస్తే అది మొదటి ఆకు మీద వెయ్యక తప్పదు. నేనూ కింద నా పేరు పెడతాను. చూసీ చూడనట్టు వేసింది నేనే కదా."

ఆ సంచిక మొదటి ఆకు మీద శుభాకాంక్షలు లేవు. 'ముత్యాల ముద్ద వాడకండి. నా వ్యాసం తప్పు. మీ నోట్లో ఏ దోషమూ లేదు' అని పెద్ద అక్షరాలతో ఉంది. వివరాలు దాని కింద. ఆ ఒక్క ఆకును మేకలు కూడా నమలకుండా చదివాయి. వాటి పళ్ళూ ఊగుతున్నాయి మరి.

వారం తిరిగేసరికి అడవిలో వింత జరిగింది. అన్నాళ్ళూ నోరు మూసుకున్న వాళ్ళందరూ ఒకరికొకరు నోరు తెరిచి చూపించుకున్నారు. తమ ఒక్కరికే అనుకున్నది ఊరందరికీ అని తెలిసి, బాధ పడాలో ఊరట పడాలో తెలియక కొందరు ఏడ్చారు. ముద్ద అమ్మకం ఆగింది. వాపులు మెల్లగా తగ్గాయి. ఊగే పళ్ళు కొన్ని నిలబడ్డాయి, పులి కోరతో సహా. పోయినవి పోయాయి.

అడవి సభ కూర్చుంది. పత్రిక పరువు తీసినందుకు కూర్మారావును మందలించింది. చంచుమూర్తిని పై కొమ్మ మీద నుంచి దించి, అనుభవం దృష్ట్యా ధవళరావును ఎక్కించింది. ఇలాంటి అనర్థం మళ్ళీ జరగకుండా, ఇకపై శాఖాధిపతుల మాటలను కూడా ఇద్దరు సమీక్షకులు చదివాకే వెయ్యాలని నియమం తెచ్చింది. పరిశోధనల్లో నీతిని కాపాడటానికి ఒక సంఘం కూడా వేసింది. మోసాలు ఎలా జరుగుతాయో లోతుగా తెలిసినవాడు కావాలి కనుక, దానికి జంబుకేశాన్ని అధ్యక్షుణ్ణి చేసింది. ధవళరావు వెంటనే 'పరిశోధనలో నీతి' మీద ఒక వ్యాసం, 'పరిశోధనలో అవినీతి' మీద ఒకటి, రెండిటినీ పోలుస్తూ మూడోది రాసింది.

చంచుమూర్తి మళ్ళీ కింది కొమ్మ మీద పని మొదలుపెట్టాడు. మొదట్లో రోగులు రారేమో అనుకున్నాడు. అంతకుముందు కంటే ఎక్కువే వచ్చారు. తన తప్పు తానే చెప్పిన డాక్టరు, తమ పంటి సంగతీ ఉన్నదున్నట్టు చెప్తాడని వాళ్ళ లెక్క. అతను కొత్తవాళ్ళతో, "నా తప్పు మీద ఒక ఆకు ఉంది, అది చదివాకే నోరు తెరవండి" అనేవాడు. ఎవరూ చదివేవారు కాదు. నోరు తెరిచేవారు.

రోజూ సాయంత్రం భల్లమ్మ వచ్చేది. పూలో పండ్లో తెచ్చేది. అతను వాటిని మెత్తగా పొడిచి ఆకులో పెట్టి ఇచ్చేవాడు. పోయిన పళ్ళు తెచ్చివ్వలేనని ఒకరోజు చెప్పబోతే, ఆవిడ వినిపించుకోలేదు. మొదటి ఆకు మీద తన పేరు కూడా ఉందట కదా, ఎక్కడ ఉందో చూపించమంది. అతను చూపించాడు. ఆవిడకు చదవడం రాదు. ఆ అక్షరాల మీద పంజా ఆనించి చాలాసేపు అలాగే కూర్చుంది.

నీతి: నిజం మొదటి ఆకు మీద అచ్చు కావాలంటే, ముందు అబద్ధంతో ఒక పదవి సంపాదించుకోవాలి.